చివరి మడికీ చేరాల్సిన కరెంటు

సూర్యాపేట దాటి కోదాడ వైపు ఆరేడు కిలోమీటర్లు పోతే, 65వ నంబరు జాతీయ రహదారి పక్కన దురాజ్‌పల్లి గుట్ట కనిపిస్తుంది. చివ్వెంల మండలంలోని ఈ గుట్టనే పెద్దగట్టు అంటారు. రెండేళ్లకోసారి మాఘమాసంలో ఇక్కడ లింగమంతుల స్వామి, చౌడమ్మ తల్లి జాతర అయిదు రోజులపాటు సాగుతుంది. 2025లో ఫిబ్రవరి 16 నుంచి 20 దాకా జరిగింది. తెలంగాణలో మేడారం తర్వాత అంతటి జాతరగా దీన్నే చెప్పుకుంటారు. కేసారం నుంచి దేవరపెట్టె వస్తుంది. భేరీలు మోగుతాయి, గజ్జెలు ఘల్లుమంటాయి, నెత్తిన గంపలతో ఆడవాళ్లు గుడి చుట్టూ తిరుగుతారు. ఆ అయిదు రోజులూ హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే వాహనాలను నార్కట్‌పల్లి దగ్గర మళ్లించి నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా కోదాడకు పంపిస్తారు. అంత రద్దీగా ఉండే రోడ్డు ఒక గుట్ట కోసం పక్కకు తప్పుకుంటుందన్నమాట.

గుట్ట కింద దిగిన జనం ఎక్కడ పడుకుంటారు? చాలామందికి ట్రాక్టర్ ట్రాలీయే ఇల్లు. నాలుగు మూలలా కర్రలు నాటి, పైన టార్పాలిన్ కట్టి, అడుగున వరిగడ్డి వేసి దాని మీద జంపఖానా పరిస్తే రెండు మూడు రాత్రులు గడిచిపోతాయి. పక్కనే మూడు రాళ్ల పొయ్యి. ఒకప్పుడు ఎడ్లబండి కింద కందిలి వేలాడేది, తర్వాత పెట్రోమాక్స్ లైటు వచ్చింది. ఇప్పుడు ట్రాక్టర్ బ్యాటరీకి రెండు క్లిప్పులు తగిలించి లాగిన వైరు, దాని చివర ఎల్‌ఈడీ బల్బు, ఆ పక్కన సెల్‌ఫోన్ల చార్జర్లు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో కుటుంబాలు కారు వెనక తగిలించుకుని తిరిగే క్యాంపింగ్ ట్రైలర్ చేసే పని కూడా ఇదే. లాగే బండి ఒకటి, వెనక పడుకునే బండి ఒకటి. వెనక బండిలో దీపాలకు, ఫ్యానుకు, చిన్న ఫ్రిజ్‌కు సొంతంగా ఒక బ్యాటరీ ఉంటుంది. బండి నడుస్తున్నంతసేపూ ముందు బండి నుంచి వైరు ద్వారా ఆ బ్యాటరీ నిండాలి, రాత్రికి ఆ నిండినదే వెలుగు కావాలి. ముందున్నది మామూలు డీజిల్ బండి అయినప్పుడు ఈ లెక్క పాతదే, తెలిసినదే. హైబ్రిడ్ కారు వచ్చాక లెక్క మారింది.

ఎండాకాలం రాగానే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి అమ్మానాన్నలు డాలస్‌కో న్యూజెర్సీకో పిల్లల దగ్గరికి వెళ్తారు. సెలవులొస్తే మనవలతో కలిసి ఏ సరస్సు ఒడ్డుకో ట్రైలర్ కట్టుకుని వెళ్తారు. ట్రాఫిక్ లైటు దగ్గర హైబ్రిడ్ కారు ఇంజన్ చప్పుడు చేయకుండా ఆగిపోతుంది. ఊళ్లో నలభై ఏళ్లు ట్రాక్టర్ నడిపిన తండ్రికి అక్కడే అనుమానం వస్తుంది.

“ఇంజన్ ఆగిపాయె గద బిడ్డా, డైనమో తిరుగుతలేదు. మరి ఎనకున్న డబ్బాకు కరెంటు యాడికెళ్లొస్తది?”

“ఇంజన్ ఆగింది గని నాయినా, కారు ఆగలే. దీంట్ల డైనమోనే లేదు.”

తండ్రి అడిగింది సరైన ప్రశ్న. కొడుకు చెప్పింది సగం జవాబు. మిగతా సగం తెలియకపోతే రాత్రి పదింటికి ట్రైలర్‌లో దీపాలు ఆరిపోవడమే కాదు, తెల్లారి కారు కూడా లేవదు.

మామూలు కారులో ఇంజన్‌కు బెల్టుతో ఆల్టర్నేటర్ తగిలించి ఉంటుంది. ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో పాత మేస్త్రీలు దాన్నే డైనమో అంటారు. ఇంజన్ తిరిగితే అది తిరిగి, 14 వోల్టుల చుట్టుపక్కల కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపుతుంది. టొయోటా తరహా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఈ ఆల్టర్నేటర్ ఉండదు. ఇంజన్‌తోపాటు గేర్‌బాక్సులో రెండు పెద్ద మోటార్లుంటాయి, అవే జనరేటర్లుగానూ పనిచేస్తాయి. అవి పుట్టించిన కరెంటు వందల వోల్టుల పెద్ద బ్యాటరీలోకి వెళ్తుంది. కారు లైట్లు, హారన్, కంప్యూటర్లు మాత్రం ఇప్పటికీ 12 వోల్టుల మీదనే నడుస్తాయి, అందుకోసం మామూలు చిన్న బ్యాటరీ కూడా ఒకటి ఉంటుంది. పెద్ద బ్యాటరీలోని వందల వోల్టులను 14 వోల్టులకు దించి ఈ చిన్నదానికి ఇచ్చే పెట్టె పేరు కన్వర్టర్. ఇంజన్ తిరిగినా, ఆగినా దానికి పట్టదు. డ్యాష్‌బోర్డు మీద ‘రెడీ’ అనే అక్షరాలు వెలుగుతున్నంతసేపూ కన్వర్టర్ పనిచేస్తూనే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగినా ట్రైలర్‌కు కరెంటు ఆగకపోవడానికి కారణం అదే. ‘స్మార్ట్ హైబ్రిడ్’, ‘మైల్డ్ హైబ్రిడ్’ అని అమ్మే కార్ల సంగతి వేరు. వాటిలో బెల్టుతో తిరిగే చిన్న మోటారే ఆల్టర్నేటర్ పని కూడా చేస్తుంది, ఇంజన్ ఆగితే అదీ ఆగుతుంది. మనదేశంలో గ్రాండ్ విటారా లాంటి కారు రెండు రకాలుగానూ దొరుకుతుంది కాబట్టి, కొన్నది ఏ రకమో ముందు తేల్చుకోవాలి.

ఇక్కడ చాలామంది ఒక భ్రమలో పడతారు. కారు వెనక సీటు కింద అంత పెద్ద బ్యాటరీ ఉంది కదా, ట్రైలర్‌లో రాత్రంతా ఏసీ అయినా వేసుకోవచ్చు అనుకుంటారు. ఆ బ్యాటరీలో నిజంగా ఎంత కరెంటు పడుతుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2003లో వచ్చిన రెండో తరం టొయోటా ప్రియస్‌నే తీసుకుందాం. దాని బ్యాటరీలో 1.2 వోల్టుల సెల్స్ 168 ఉంటాయి. అన్నీ కలిపితే 201.6 వోల్టులు. సామర్థ్యం 6.5 ఆంపియర్ అవర్లు. రెంటినీ హెచ్చిస్తే సుమారు 1.3 యూనిట్లు. అందులోనూ బ్యాటరీ ఎక్కువకాలం మన్నడానికి మధ్యలో సగం మేరకే కారు వాడుకుంటుంది. ఇప్పుడు ఇంట్లో మెట్ల కింద ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీ చూడండి. 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ, 12 వోల్టులు. హెచ్చిస్తే 1.8 యూనిట్లు. అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోసే ఆ నల్లడబ్బాలోనే ఎక్కువ కరెంటు ఉంటుంది!

మరి హైబ్రిడ్ బ్యాటరీ గొప్పతనమేమిటి? అది చెరువు కాదు, ఇంటి ముందరి తొట్టి. తొట్టికి పెట్టిన తూము మాత్రం చెరువు తూమంత వెడల్పు. కారు కదిలేటప్పుడు క్షణాల్లో వేల వాట్లు వదిలి, బ్రేకు వేసినప్పుడు క్షణాల్లో తిరిగి నింపుకోవడం కోసం దాన్ని చేశారు. దాచుకోవడం దాని పని కాదు. అందుకే బండి నిలిపి ‘రెడీ’లో ఉంచి ట్రైలర్‌ను నడిపిస్తే, తొట్టి కాస్త దిగగానే ఇంజన్ తనంతట తానే లేచి నింపుతుంది. అంటే చివరికి కరెంటు వచ్చేది పెట్రోలు ట్యాంకులోంచే. ప్లగ్గుకు పెట్టి చార్జ్ చేసే ప్లగిన్ హైబ్రిడ్‌లలో బ్యాటరీ దీనికి పది రెట్లు కూడా ఉంటుంది, వాటి లెక్క వేరు.

సరే, కన్వర్టర్ 14 వోల్టులు ఇస్తోంది. అవి వెనక ట్రైలర్ బ్యాటరీ దాకా చేరుతున్నాయా? అసలు చిక్కు కారులో కన్నా ఈ దారిలోనే ఎక్కువ. ఇది అర్థం కావడానికి మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ రైతులకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద హెడ్ రెగ్యులేటర్ దగ్గర నీళ్లు నిండుగా ఉంటాయి. మేజరు దాటి మైనరుకొచ్చి, చివరి భూములకు చేరేసరికి కాలువలో పాదం తడవదు. వదిలినప్పుడు ఎంత ఎత్తున వదిలారన్నది చివరి మడికి అక్కర్లేదు, తన గట్టు దగ్గరికి ఎంత ఎత్తున చేరిందన్నదే కావాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా లైను చివరన ఉన్న బోరు మోటారు లో వోల్టేజీకి మూలగడం కూడా ఇలాంటిదే.

అంకెల్లో చూద్దాం. కారు ముందు భాగంలో బ్యాటరీ ఉంటే, అక్కడి నుంచి ట్రైలర్ బ్యాటరీకి ఎనిమిది మీటర్ల దూరం అనుకుందాం. పోను, రాను కలిపి పదహారు మీటర్ల రాగి తీగ. ఇంట్లో ప్లగ్గు పాయింట్లకు వాడే 2.5 ఎంఎం వైరే వేస్తే దాని నిరోధం 0.11 ఓములు. పది ఆంపియర్లు పారితే దారిలోనే 1.1 వోల్టులు పోతాయి. ఇంట్లో 230 వోల్టుల్లో 1.1 పోతే పట్టించుకునేవారుండరు. ఇక్కడ ఉన్నవే 14. బయల్దేరినవి 14, చేరినవి 12.9. నిండిన సీసం బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు దాని రెండు కొనల మధ్య వోల్టేజీయే సుమారు 12.7. దాన్ని పూర్తిగా నింపాలంటే బయటి నుంచి 14.2 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. 12.9తో అది నిండదు. నిండుతున్నట్టు కనిపిస్తుంది, అంతే.

నిజానికి కరెంటు తగ్గేకొద్దీ వైరులో పోయే వోల్టేజీ కూడా తగ్గుతుంది కాబట్టి, ఆ సన్నవైరు మీద బ్యాటరీ నాలుగైదు ఆంపియర్లు తాగుతూ మెల్లగా పైకి పాకుతుంది. హైదరాబాదు నుంచి దురాజ్‌పల్లికి రెండున్నర గంటల ప్రయాణమనుకుంటే, అలా చేరేది నూట అరవై వాట్ అవర్లు, అంటే యూనిట్‌లో ఆరోవంతు. ట్రైలర్‌లో ఒక రాత్రి ఖర్చెంతో చూడండి. రెండు తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఆరు గంటలు వెలిగితే నూట ఎనిమిది. ఇరవై అయిదు వాట్ల డీసీ ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే రెండు వందలు. నాలుగు ఫోన్లకు అరవై. మొత్తం మూడు వందల డెబ్బై వాట్ అవర్ల దగ్గర తేలుతుంది. చిన్న ఫ్రిజ్ ఉంటే రోజుకు ఇంకో అయిదు వందలు. నూట అరవై సంపాదించి ఎనిమిది వందల డెబ్బై ఖర్చు పెట్టే సంసారం ఎన్నాళ్లు సాగుతుంది?

దీనికి మందు ట్రైలర్ బ్యాటరీ పక్కన పెట్టే డీసీ-డీసీ చార్జర్. అరచేతిలో పట్టేంత కాకపోయినా టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. చివరి భూముల దగ్గర పెట్టిన లిఫ్టు ఏం చేస్తుందో ఇదీ అదే చేస్తుంది. కాలువలో నీళ్లు ఎంత కిందకు దిగి వచ్చినా, మోటారు పెట్టి పైమడికి ఎత్తిపోస్తుంది. చార్జర్ కూడా వచ్చిన పన్నెండు, పన్నెండున్నర వోల్టులను తీసుకుని, బ్యాటరీకి కావాల్సిన 14.4కు ఎత్తి ఇస్తుంది. బ్యాటరీ నిండుతున్నకొద్దీ తగ్గించి, చివర 13.6 దగ్గర నిలబెడుతుంది. ఇరవై ఆంపియర్ల చార్జర్ ఉంటే అదే రెండున్నర గంటల్లో ఆరు వందల యాభై వాట్ అవర్లకు పైగా చేరతాయి. దీపాలు, ఫ్యాను, ఫోన్లు పోను మిగులు కనిపిస్తుంది. సూర్యాపేట నుంచి కోదాడకు గంటలోపు ప్రయాణం కూడా ఫ్యాను ఒక రాత్రి తిరగడానికి సరిపోతుంది.

లిఫ్టు పెట్టాం కదా, కాలువ సన్నగా ఉన్నా ఫర్వాలేదనుకోవడం రెండో పొరపాటు. ఇరవై ఆంపియర్లు బయటకు ఇవ్వాలంటే చార్జర్ ఇరవై అయిదు దాకా లోపలికి లాగుతుంది. ఆ ఇరవై అయిదు 2.5 ఎంఎం వైరులో పారితే, వైరులో వేడిగా పోయేదే దాదాపు డెబ్బై వాట్లు. పాతకాలపు అరవై వాట్ల బల్బు వెలుగుతుంటే ముట్టుకున్నవాళ్లకు ఆ వేడి ఎంతో తెలుసు. దాన్నే కారు కార్పెట్ కింద కట్టకట్టి పెట్టినట్టవుతుంది. అదే 16 ఎంఎం తీగ వేస్తే పోయేవి పదకొండు వాట్లు, తగ్గే వోల్టేజీ అర వోల్టు కూడా ఉండదు. తీగకు డబ్బు ఎక్కువవుతుంది. కానీ ఈ పనిలో పొదుపు చేయకూడనిది ఏదైనా ఉందంటే అది తీగ. దానితోపాటు, కారు బ్యాటరీ దగ్గరే అడుగులోపు ఒక ఫ్యూజు, ట్రైలర్ బ్యాటరీ దగ్గర ఇంకో ఫ్యూజు ఉండి తీరాలి. రెండు కొనల్లోనూ బ్యాటరీ ఉన్న తీగ మధ్యలో ఎక్కడ ఒరుసుకుపోయి బాడీకి తగిలినా రెండు వైపుల నుంచీ మంట పుడుతుంది. ప్రియస్ లాంటి కొన్ని హైబ్రిడ్లలో చిన్న బ్యాటరీ డిక్కీలోనే ఉంటుంది. తీగ పొడుగు తగ్గడం వాటికి కలిసొచ్చే సంగతి.

ఇంకో చిక్కు ప్లగ్గుది. అమెరికాలో కారు వెనక నాలుగు పిన్నుల ప్లగ్గు, ఏడు పిన్నుల ప్లగ్గు అని రెండు రకాలు సాధారణంగా కనిపిస్తాయి. ఏడు పిన్నుల దాంట్లో ఎర్త్, టెయిల్ లైటు, ఎడమ, కుడి సిగ్నళ్లు, ట్రైలర్ బ్రేకు, రివర్సు, వీటితోపాటు బ్యాటరీ చార్జింగ్ లైను ఉంటాయి. నాలుగు పిన్నుల దాంట్లో లైట్లు, ఎర్త్ మాత్రమే. ప్లగ్గు గుచ్చాం, లైట్లు వెలుగుతున్నాయి, కాబట్టి బ్యాటరీ కూడా నిండుతోందని నమ్మి వందల మైళ్లు వెళ్లినవాళ్లున్నారు. చార్జింగ్ తీగే లేని దారిలో చార్జింగ్ ఎలా వస్తుంది? ఆస్ట్రేలియాలో కారవాన్ లాగేవాళ్లు లైట్ల ప్లగ్గు వేరుగా ఉంచి, బ్యాటరీ కోసం ఆండర్సన్ ప్లగ్గు అని బూడిదరంగులో ఉండే యాభై ఆంపియర్ల దిట్టమైన జోడీ బిగించుకుంటారు. లావుపాటి తీగ పట్టేది దానికే. మెల్‌బోర్న్, సిడ్నీల్లో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది అలవాటైన పేరు.

అన్నిటికన్నా బాధాకరమైన పొరపాటు రాత్రిపూట జరుగుతుంది. బండి ఆపి, తాళం వేసి, అందరూ పడుకున్నారు. ట్రైలర్ తీగ కారు చిన్న బ్యాటరీకి నేరుగా కలిపి ఉంది. ఇప్పుడు పారకం తిరగబడుతుంది. ట్రైలర్‌లో ఫ్రిజ్, ఫ్యాను, దీపాలు కలిసి నాలుగు ఆంపియర్లు లాగుతుంటే, పది గంటల్లో నలభై ఆంపియర్ అవర్లు. హైబ్రిడ్ కారులో చిన్న బ్యాటరీ నిజంగానే చిన్నది, చాలావాటిలో నలభై, నలభై అయిదు ఆంపియర్ అవర్లకు మించదు. దానికి సెల్ఫ్ మోటారు తిప్పే బరువు లేదు, ఇంజన్ను లేపేది పెద్ద బ్యాటరీ. చిన్నదాని పని కంప్యూటర్లను నిద్రలేపి, పెద్ద బ్యాటరీ తలుపులు తెరవడం. తెల్లారి బటన్ నొక్కితే ‘రెడీ’ రాదు. లోపల రెండు వందల వోల్టులు నిండుగా ఉన్నా, తలుపు తీసే మనిషికి లేచే ఓపిక లేదు. ఇంటిల్లిపాదీ అడవి మధ్యలో, లేదా పెద్దగట్టు కింద లక్షల జనం నడుమ, జంపర్ కేబుల్ కోసం వెతుక్కోవాలి. సెల్ఫ్ తిప్పేంత బలం అక్కర్లేదు కనుక చిన్నపాటి జంపర్ ప్యాక్‌తోనే కారు లేస్తుంది, అదొక్కటే ఊరట.

మంచి డీసీ-డీసీ చార్జర్ ఈ తిరుగు పారకాన్ని ఆపుతుంది. అయితే దానికి ఎప్పుడు పనిచేయాలో, ఎప్పుడు ఆగాలో చెప్పాలి. పాత పద్ధతిలో వోల్టేజీని చూసి తెలుసుకునేది. 13.3 దాటితే ఇంజన్ నడుస్తోందని, 12.8 కిందికి దిగితే ఆగిందని అనుకునేది. కొత్త కార్లు పెట్రోలు ఆదా చేయడానికి వోల్టేజీని తామే పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి కాబట్టి ఆ గుర్తు ఇప్పుడు నమ్మదగ్గది కాదు. కారు ఆన్‌లో ఉంటేనే కరెంటు వచ్చే ఒక సన్నతీగను, ఇగ్నిషన్ తీగను, చార్జర్‌కు కలిపితే పని ఖాయం. ‘రెడీ’లో ఉంటే నింపుతుంది, కారు ఆపితే తెగుతుంది. ఈ ఒక్క తీగ కలపమని ఎలక్ట్రీషియన్‌కు నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే కొందరు పాత అలవాటు ప్రకారమే చేసేస్తారు. ఇంకొకటి, హైబ్రిడ్ కారు కింద నారింజరంగు తొడుగులో పోయే లావు కేబుళ్లు ప్రాణాంతకమైన వోల్టేజీ మోసేవి. ఎంత చేయి తిరిగిన మేస్త్రీ అయినా వాటి జోలికి పోకూడదు. ట్రైలర్ పనంతా 12 వోల్టుల వైపే జరగాలి.

బ్యాటరీ ఏదన్నది కూడా ఆలోచించాలి. సీసం బ్యాటరీ ఎనభై శాతం దాకా చురుగ్గా తాగి, మిగతా ఇరవై శాతానికి గంటల తరబడి చప్పరిస్తుంది. రెండున్నర గంటల ప్రయాణంలో అది నిండడం కల్ల. సగానికన్నా కిందికి తరచూ దించితే ఆయుష్షు తగ్గుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ చివరి దాకా ఒకే ఊపున తాగుతుంది, దించినా ఓర్చుకుంటుంది, బరువు సగం కన్నా తక్కువ. ఆ చురుకే దాని ప్రమాదం కూడా. మధ్యలో చార్జర్ లేకుండా నేరుగా కలిపితే కారు కన్వర్టర్ నుంచి ఇవ్వగలిగినంతా లాగేస్తుంది. కన్వర్టర్ ఇచ్చేది చాలా కార్లలో వంద ఆంపియర్లకు అటూ ఇటూ. అందులోంచే హెడ్‌లైట్లు, స్టీరింగ్, బ్రేకుల పంపు బతకాలి. ఇరవై, ముప్పై ఆంపియర్ల చార్జర్ పెడితే అది హద్దులో ఉంచుతుంది. లిథియం సెల్స్ తయారీ ఇప్పుడు మన గడ్డ మీదికీ వస్తోంది. తిరుపతి పక్కన కరకంబాడిలో సీసం బ్యాటరీలతో ఎదిగిన అమరరాజా సంస్థ, లిథియం సెల్స్ కోసం మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023 మేలో పునాది వేసింది.

కారులోంచే ఇంటి కరెంటు లాంటిది నేరుగా తీసుకునే పద్ధతి ఇంకొకటి ఉంది. టొయోటా 2001లోనే జపాన్‌లో ఎస్టిమా హైబ్రిడ్ వ్యానుకు 1500 వాట్ల ప్లగ్గు పెట్టింది. 2011 మార్చిలో అక్కడ భూకంపం, సునామీ వచ్చి ఊళ్లకు ఊళ్లు చీకట్లో మునిగినప్పుడు, ఆ వ్యాన్లు చాలాచోట్ల దీపాలు వెలిగించాయి, అన్నం కుక్కర్లను వేడెక్కించాయి. తర్వాత ప్రియస్‌కు కూడా ఆ ప్లగ్గు ఇచ్చారు. ఫోర్డ్ ఎఫ్-150 హైబ్రిడ్ పికప్‌లో 2021 మోడల్ నుంచి 2.4 కిలోవాట్ల ప్లగ్గులు మామూలుగానే వస్తాయి, కావాలంటే 7.2 కిలోవాట్లవి దొరుకుతాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో మంచు తుపానుకు టెక్సాస్ రాష్ట్రం కరెంటు లేక వణికినప్పుడు, షోరూముల్లో ఉన్న అలాంటి పికప్‌లను అవసరమైనవాళ్లకు వాడుకోవడానికి ఇవ్వమని కంపెనీ డీలర్లను కోరింది. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్‌లలో ఆ చలిని పిల్లలతో భరించిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఇలాంటి ప్లగ్గు ఉంటే ట్రైలర్ బ్యాటరీకి ఇంట్లో వాడే చార్జర్‌నే తగిలించవచ్చు, వోల్టేజీ దారిలో పోయే బాధ తప్పుతుంది.

బండి నిలిపి ‘రెడీ’లో ఉంచినప్పుడు ఒక్క సంగతి మరవకూడదు. ఇంజన్ ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. చప్పుడు లేదు కాబట్టి బండి ఆగిందనుకుని పొగగొట్టం దగ్గర పరుపు వేసుకుంటే, అర్ధరాత్రి ఇంజన్ లేచి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. ఆ వాయువుకు వాసన ఉండదు. మూసిన షెడ్డులో, గుడారానికి ఆనించి, గాలికి పొగ టార్పాలిన్ లోపలికి తిరిగే చోట ఈ పని చేయనే కూడదు. పిల్లలు కారెక్కి ఆడుకుంటూ గేరు కదిపే ప్రమాదమూ ఉంది.

మన రోడ్ల మీద హైబ్రిడ్ కారు వెనక ట్రైలర్ ఇంకా అరుదు. మోటారు వాహనాల చట్టం 1988 లెక్కలో ట్రైలర్ కూడా ఒక వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. అమెరికాలో 2021 నుంచి హైబ్రిడ్‌గా మాత్రమే అమ్మే టొయోటా సియన్నా 3,500 పౌండ్లు, అంటే 1,588 కిలోల దాకా లాగవచ్చని కంపెనీయే చెబుతుంది. మనదేశంలో అమ్మే కారు విషయంలో అలాంటి అంకె మాన్యువల్‌లో ఉందో లేదో చూడకుండా వెనక కొక్కెం బిగించుకోవడం మంచిది కాదు. ట్రైలర్ లాగకుండా, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ డిక్కీలోనే ఒక లిథియం బ్యాటరీ, ఒక చార్జర్ పెట్టుకుని జాతరలకు, పొలాలకు, శ్రీశైలం దారిలో అడవులకు తిరగాలనుకునేవాళ్లకు ఇప్పటిదాకా చెప్పిన లెక్కంతా సరిగ్గా సరిపోతుంది. తీగ పొడుగు తక్కువ కావడం అదనపు సుఖం.

ట్రాక్టర్‌కు కూడా ఇదే లెక్క. చాలా ట్రాక్టర్లలో 75 నుంచి 88 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, నలభై ఆంపియర్లకు అటూ ఇటూ ఇచ్చే ఆల్టర్నేటర్ ఉంటాయి. జాతరలో ఇంజన్ ఆపి, అదే బ్యాటరీ మీద పాటల బాక్సు మోగిస్తే తెల్లారి సెల్ఫ్ తీసుకోదు, నలుగురు కలిసి తోయాల్సిందే. ట్రాలీకి వేరే బ్యాటరీ ఒకటి బిగించి, లావు తీగతో, మధ్యలో చార్జర్‌తో కలిపితే ఆ తోపులాట ఉండదు. ఊరి నుంచి గుట్టకు వచ్చే దారిలోనే రాత్రికి సరిపడా నిండుతుంది. పగలు మాఘమాసపు ఎండకు టార్పాలిన్ మీద వంద వాట్ల సోలార్ పలక పరిస్తే, రోజుకు నాలుగు వందల వాట్ అవర్ల దాకా అదనం.

ఆ రెండో బ్యాటరీ చేసే పనుల్లో ఫోన్ చార్జింగ్ కన్నా పెద్దది ఒకటుంది. రాత్రిపూట హైవే మీద పోయే ట్రాలీల్లో చాలావాటికి వెనక ఎర్రలైటు వెలగదు. ట్రాక్టర్ నుంచి వచ్చే ప్లగ్గు ఊడి వేలాడుతుంటుంది, లేదా తుప్పు పట్టి ఉంటుంది. వెనక వచ్చే లారీ డ్రైవరుకు చీకట్లో ట్రాలీ కనిపించేది అది పది గజాల దూరంలోకి వచ్చాకే. లోపల గడ్డి మీద పిల్లలు నిద్రపోతుంటారు. సొంత బ్యాటరీ ఉన్న ట్రాలీకి, ట్రాక్టర్ చెడిపోయి రోడ్డు వారన ఆగినా వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది. రెండు ఎల్‌ఈడీ టెయిల్ లైట్లకు గంటకు పది వాట్ అవర్లు కూడా కావు. పైన చెప్పిన ఫ్యాను ఒక్క రాత్రి ఖర్చుతో ఆ దీపాలు ఇరవై గంటలు వెలుగుతాయి.

అయిదో రోజు మకరతోరణం దించాక గుట్ట కింద టార్పాలిన్లు విప్పుతారు. గంపలు, గిన్నెలు, మిగిలిన గడ్డి ట్రాలీలోకి చేరతాయి. మల్టీమీటర్ ఉన్నవాళ్లు బ్యాటరీ కొనలకు తగిలించి చూసుకోవచ్చు. బండి నడుస్తున్నప్పుడు 14 పైన, ఆపి గంటయ్యాక 12.6 దగ్గర ముల్లు నిలిస్తే సీసం బ్యాటరీకి చింత లేదు. మీటరు లేనివాళ్లు కిందికి దిగి, వెనక్కి నడిచి, ఎడమ వైపు ఎర్రలైటు, కుడి వైపు ఎర్రలైటు వెలుగుతున్నాయో లేదో ఒకసారి చూసి ట్రాక్టర్ ఎక్కితే చాలు.